దెబ్బకు బరువున్న సినిమాలు

తమ్ముడూ, ‘పుష్ప’, ‘యానిమల్’, ‘జాన్ విక్’ చూశానన్నావు. రక్తం ఉన్నా ఫర్వాలేదు గానీ స్టైల్ ఉండాలి, స్టైల్ వెనక కథ ఉండాలి, అలాంటి థ్రిల్లర్లు, యాక్షన్ సినిమాలు చెప్పమన్నావు. చిత్తూరులో ఇంటికి పోయినప్పుడల్లా అమ్మ “ఆ నరుక్కోవడాలు ఏం చూస్తావు నాయనా” అంటోందనీ, ఆమెకు ఏం చెప్పాలో తెలియడం లేదనీ కూడా రాశావు. ఈ రెండింటికీ జవాబు ఒకటేనని నా నమ్మకం. కాస్త పొడుగ్గా చెబుతాను, ఓపిగ్గా చదువు.

నేను తిరుపతిలో ఒక థియేటర్లో 26 ఏళ్లు ఆపరేటర్‌గా పనిచేశాను. 1986లో, ప్రొజెక్టర్‌లో కార్బన్ కడ్డీలు వెలిగించి బొమ్మ వేసే రోజుల్లో చేరాను. రీళ్లు పోయి డిజిటల్ వచ్చాక మానేశాను. మామూలు ప్రేక్షకుడు సినిమాను ఒకసారి చూస్తాడు, మరీ నచ్చితే మూడుసార్లు. ఆపరేటర్‌కు రోజుకు నాలుగు ఆటలు. 50 రోజులు ఆడిందంటే 200 సార్లు. క్యాబిన్ గోడకు చిన్న అద్దం ఉంటుంది. అందులోంచి తెరా కనిపిస్తుంది, జనం తలలూ కనిపిస్తాయి. మన ఊళ్లో ఆ తలల్లో గుండ్లు చాలా ఉండేవి. దర్శనం చేసుకుని కొండ దిగి, రాత్రి రైలుకు ఇంకా టైముందని సినిమాకు వచ్చినవాళ్లు. తమిళం వాళ్లు, కన్నడం వాళ్లు, మహారాష్ట్ర వాళ్లు. తెలుగు ముక్క రాని మనిషి కూడా ఫైట్‌లో ఎక్కడ ముందుకు వంగుతాడో, ఎక్కడ సోడా కోసం లేచి వెళ్తాడో ఏళ్ల తరబడి చూశాను. ఫైట్ గురించి నాకు తెలిసిందంతా ఆ తలలు నేర్పిందే.

ఒక సంగతి చెబుతాను. ఫ్యాక్షన్ సినిమాలు వరసగా వస్తున్న కాలం. ఒక పెద్ద హీరో సినిమా వేశాం. నిడివి ఎక్కువ. సెకండ్ షో వదిలేసరికి పల్లెలకు పోయే ఆఖరి బస్సులు వెళ్లిపోతున్నాయని, నాలుగు నిమిషాలు తీసెయ్యమని యజమాని చెప్పాడు. ఏం తీయాలో నన్నే చూడమన్నాడు. ఫైట్ తీస్తే జనం కుర్చీలు విరగ్గొడతారు, పాట తీసినా అంతే. ఫైట్‌కు ముందు హీరో నేల మీద కూర్చుని అన్నం తింటుంటాడు, తల్లి వడ్డిస్తుంటుంది, ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరు. అది పోయినా ఎవరూ గమనించరనుకున్నాను. 360 అడుగులు కత్తిరించి, రెండు కొసలూ అంటించాను. జాయింటు దగ్గర బొమ్మ ఒకసారి ఎగిరింది, ఆ వెంటనే శబ్దం తెగింది. రీలు మీద శబ్దం బొమ్మకు దాదాపు 20 ఫ్రేముల ఎడంలో ఉంటుంది కాబట్టి ఆ రెండూ ఒక్కసారి జరగవు. అంతే, ఇంకేం తేడా రాలేదనుకున్నాను.

తేడా ఫైట్‌లో వచ్చింది. అంతకుముందు రోజు వరకు మొదటి దెబ్బకే హాలు దద్దరిల్లేది. కోత పడ్డాక అదే దెబ్బ, అదే రీరికార్డింగ్, అదే కత్తి, అయినా ఈలలు పలచబడ్డాయి. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు యజమానికి చెప్పి, దాచిపెట్టిన ముక్కను తెచ్చి మళ్లీ అంటించాను. ఈలలు తిరిగి వచ్చాయి. జనం ఈల వేస్తున్నది కత్తిని చూసి కాదు. ఆ అన్నం కంచం దగ్గరి నుంచి లేచిన మనిషి మీద వాళ్లకు బెంగ పుట్టింది, ఆ బెంగే దెబ్బ పడగానే ఈలై బయటికొచ్చింది.

ఆనాటి నుంచి నేను సినిమాలను చూసే పద్ధతి మారిపోయింది. దెబ్బకు ముందు ఏముంది, దెబ్బ తర్వాత ఏం మిగిలింది, ఈ రెండూ చూస్తాను. మధ్యలో రక్తం లీటరు పోసినా, చుక్క పోసినా నాకు ఒకటే.

మన ‘శివ’తో మొదలుపెట్టు. 1989లో వచ్చింది. 2025 నవంబరులో కొత్తగా శుభ్రం చేసిన ప్రింటుతో మళ్లీ థియేటర్లకు కూడా వచ్చింది. అందరూ సైకిల్ చైన్ గురించి చెబుతారు. నువ్వు మాత్రం చైన్ తెంపడానికి ముందు హీరో ఎన్నిసార్లు ఊరుకున్నాడో లెక్కపెట్టు. కాలేజీలో జరిగేదంతా చూస్తూ ఉంటాడు, తక్కువ మాట్లాడతాడు, నిలబడే తీరులో కూడా హడావిడి ఉండదు. మనకు విసుగు పుట్టేదాకా ఊరుకుంటాడు. అప్పుడు చైన్ తెగుతుంది. విలన్ భవానీగా రఘువరన్ గొంతు పెంచడు. అప్పటిదాకా మా హాల్లో విలన్ వస్తే తిట్లు వినిపించేవి, రఘువరన్ వస్తే మాత్రం హాలు నిశ్శబ్దమయ్యేది. అన్నకూతుర్ని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని ఇరుకు సందుల్లో హీరో పారిపోయే ఘట్టం ఇంకొకటి. వెనక కారు తరుముతుంటుంది. స్టైలంటే ఎగరడం, గాల్లో తిరగడం అనుకునేవాళ్లు ఆ సీన్ చూడాలి. అందులో హీరో చేసేదల్లా తొక్కడమే. ‘శివ’ దర్శకుడు రామ్ గోపాల్ వర్మే హిందీలో తీసిన ‘సత్య’ (1998) కూడా చూడు. ముంబై గ్యాంగుల కథ. అందులో చావు చెప్పా పెట్టకుండా వస్తుంది, మామూలు జీవితంలో వచ్చినట్టే.

మన రాయలసీమ సినిమాల గురించి నాకు ఒక బాధ ఉంది. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఆది’, ‘ఇంద్ర’ (2002), ఇవన్నీ నా చేతుల మీదుగా నడిచాయి. జనాన్ని కట్టిపడేశాయి, ఆ శక్తిని నేను కాదనను. కానీ వీటి తర్వాత వచ్చిన అనుకరణల్లో మన సీమ అంటే సుమోలూ బాంబులే అయిపోయింది. ఇక్కడ టమాటా పండించేవాడు, మామిడి తోట కాసేవాడు, పాలు పోసి పిల్లల్ని చదివించుకునే ఆడమనిషి ఉన్నారని బయటివాళ్లు మర్చిపోయారు. అందుకే ‘అరవింద సమేత వీర రాఘవ’ (2018) నాకు ముఖ్యం. మొదట్లోనే నెత్తురు పారే పెద్ద ఫైట్ పెట్టి, మిగతా సినిమా అంతా ఆ ఫైట్‌కు జవాబు వెతుకుతుంది. ఇన్ని తలలు తెగిన పగ, పేకాటలో ఐదు రూపాయల దగ్గర పుట్టిందని తెలిసినప్పుడు కడుపులో తిప్పినట్టవుతుంది. ఇళ్లలో మిగిలిపోయిన ఆడవాళ్ల మొహాలు చూడు. దెబ్బ తర్వాత ఏం మిగిలిందో చూపించడమంటే అదే.

‘పుష్ప’ నువ్వు చూసేశావు కాబట్టి కథ చెప్పను. శేషాచలం ఎర్రచందనం, మన చిత్తూరు యాస తెర మీద హీరో నోట్లో వినిపించడం నాకు గర్వంగా అనిపించింది. ఇన్నేళ్లూ మన యాసను కామెడీకి వాడుకున్నారు. రెండో భాగంలో జాతర ఘట్టం ఇంకోసారి చూడు. ఈసారి అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చూడు. ఎందుకో చివర్లో చెబుతాను.

పక్క భాషలవి మూడు. తిరుపతిలో ఉన్నవాడికి తమిళం పరాయిది కాదు, ఇక్కడి నుంచి చెన్నై మూడు నాలుగు గంటల దారి. ‘ఖైదీ’ (2019) ఒక్క రాత్రిలో జరిగే కథ. హీరోయిన్ లేదు, పాటల్లేవు. జైలు నుంచి వచ్చిన మనిషి, తను ఎన్నడూ చూడని కూతుర్ని చూడటానికి పోతూ ఇరుక్కుంటాడు. అతను బిర్యానీ తినే సీన్ ఉంది. ఎన్నేళ్ల ఆకలో ఆ చేతిలో కనిపిస్తుంది. నా అన్నం సీన్ గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి. దర్శకుడికి తెలుసు, ముందు కడుపు చూపిస్తేనే తర్వాత చెయ్యి లేచినప్పుడు నమ్ముతామని. ‘ఆరణ్య కాండం’ తమిళంలోనే చూడు. ముసలివాడైపోతున్న గ్యాంగ్ లీడర్, అతని మనుషులు, మధ్యలో కోడిపందెం ఆడే ఒక తండ్రీ కొడుకూ, అంతా ఒక్క రోజులో. తొలి సినిమాకే ఆ దర్శకుడికి జాతీయ అవార్డు వచ్చింది, ఎడిటింగ్‌కూ వచ్చింది. మలయాళంలో ‘అంగమలి డైరీస్’ (2017). 86 మంది కొత్త నటులు, చివర్లో పండగ ఊరేగింపు మధ్య 11 నిమిషాల పాటు కట్ లేని షాట్. తెలుగులో ‘ఫలక్‌నుమా దాస్’గా మళ్లీ తీశారు గానీ, ముందు మలయాళందే చూడు. ఊరి తిండి, ఊరి చర్చి, ఊరి గొడవ ఒకదాన్నుంచి ఒకటి విడదీయలేం.

హిందీ ‘కిల్’ గురించి కూడా అడిగేవాళ్లున్నారు. ఢిల్లీ పోయే రైల్లో దొంగలు పడతారు, అంతే కథ. చాలా రక్తం. సినిమా పేరు తెర మీద పడేది మాత్రం మొదట్లో కాదు, సగం దగ్గర పడ్డాక. అప్పటిదాకా హీరో కొట్టింది ఒక ఎత్తు, ఆ క్షణం తర్వాత కొట్టేది ఇంకో ఎత్తు. నన్ను కదిలించింది అది కాదు. ఆ దొంగలంతా ఒకే కుటుంబం వాళ్లు. వాళ్లలో ఒకడు చస్తే మిగతావాళ్లు శవం పక్కన కూర్చుని ఏడుస్తారు. విలన్ మనిషి చస్తే ఏడ్చేవాళ్లను ఎన్ని సినిమాల్లో చూశావు చెప్పు. ‘యానిమల్’లో మాస్కుల ఫైట్ నీకు నచ్చిందన్నావు. పాటతో కలిపి అది పట్టుగా తీశారు, ఒప్పుకుంటాను. కానీ అక్కడ పడిపోయిన వందమందిలో ఒక్కడి మొహం కూడా నాకు గుర్తు లేదు. 200 సార్లు నడపమంటే నడపలేను.

ఇక బయటి దేశాలవి. నీకు ‘జాన్ విక్’ నచ్చింది కాబట్టి దాని తాతల దగ్గరికి తీసుకుపోతాను. దాని దర్శకుడు చాడ్ స్టాహెల్‌స్కీ ‘మేట్రిక్స్’లో హీరోకు డూప్‌గా చేసినవాడు. దెబ్బలు తిన్న మనిషి కాబట్టి కెమెరాను దూరంగా పెట్టి, కోతలు తగ్గించి, హీరో గుండ్లు అయిపోయి మళ్లీ నింపుకోవడం కూడా చూపిస్తాడు. ఈ పద్ధతికి పాత ఊరు హాంకాంగ్. జాన్ వూ తీసిన ‘ద కిల్లర్’ (1989), ‘హార్డ్ బాయిల్డ్’ (1992) చూడు. రెండోదాంట్లో ఆస్పత్రి వరండాలో రెండున్నర నిమిషాలకు పైగా కట్ లేకుండా కాల్పులు జరుగుతాయి. మధ్యలో హీరోలిద్దరూ లిఫ్ట్ ఎక్కి ఇంకో అంతస్తులో దిగుతారు. నిజానికి అది అదే అంతస్తు. లిఫ్ట్ తలుపు మూసి ఉన్న ఆ కొద్ది సెకన్లలో బయట యూనిట్ వాళ్లు పగిలినవి తీసేసి, వరండాను కొత్తగా సర్దేశారు. లిఫ్ట్‌లో ఆ ఇద్దరి మొహాలు చూడు. ఒకడు పొరపాటున తన మనిషినే కాల్చాడని అప్పుడే తెలుసుకుంటాడు. షాట్ గొప్పతనం పొడవులో లేదు, ఆ లిఫ్ట్‌లో ఉంది.

జాన్ వూకు గురువులాంటి సినిమా ఫ్రెంచిది, ‘ల సమురాయ్’ (1967). అలాన్ డెలాన్ కిరాయి హంతకుడు. మొదటి పది నిమిషాల దాకా ఎవరూ మాట్లాడరు. గదిలో ఒక పిట్ట, సిగరెట్ పొగ, అద్దం ముందు టోపీ అంచు సరిచేసుకోవడం. రక్తం దాదాపు లేదు. స్టైల్ అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఆ టోపీ సరిచేసుకోవడమే. నిదానంగా ఉందని పదో నిమిషంలో ఆపెయ్యొద్దు.

జపాన్ కురొసావా తీసిన ‘సంజురో’ (1962)లో చివరి ద్వంద్వం చూడు. ఇద్దరు కత్తివీరులు ఎదురెదురుగా నిలబడి చాలాసేపు కదలరు. మన గుండె చప్పుడు మనకే వినిపిస్తుంది. ఒక్క వేటు, అంతే. గెలిచినవాడి మొహంలో గెలుపు ఉండదు. 60 ఏళ్లు దాటినా ఆ ఒక్క వేటు ముందు ఇప్పటి ఇరవై నిమిషాల క్లైమాక్సులు చాలా తేలిపోతాయి.

‘హీట్’ (1995) హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడాలి. బ్యాంకు దోచుకుని బయటికొచ్చాక లాస్ ఏంజెలిస్ వీధిలో కాల్పులు. మామూలుగా తుపాకీ చప్పుళ్లు స్టూడియోలో తర్వాత కలుపుతారు. ఇందులో దర్శకుడు మైకేల్ మాన్ ఆ వీధిలో షూటింగప్పుడు రికార్డు చేసిన చప్పుడే ఉంచాడు. ఎత్తైన కట్టడాల మధ్య మోగి తిరిగొచ్చే ఆ శబ్దానికి నిజంగా భయం వేస్తుంది.

కొరియా ‘ఓల్డ్‌బాయ్’ (2003)లో సుత్తి పట్టుకుని వరండాలో చేసే ఫైట్ లోకమంతా తెలుసు. పక్క నుంచి, ఒకే షాట్‌లో తీశారు, దాన్ని సాధించడానికి మూడు రోజులు పట్టింది. హీరో అలిసిపోతాడు, పడతాడు, రొప్పుతాడు, కొట్టేవాళ్లు కూడా రొప్పుతారు. అలసట చూపించే ఫైట్ దొరికితే వదలొద్దు. ఆ సినిమా చివర్లో బయటపడే నిజం మాత్రం చాలా కలచివేస్తుంది. మనసు బాగున్న రోజు చూడు, ఒంటరిగా చూడు, ఇంట్లోవాళ్లతో కూర్చుని చూడొద్దు. ‘ఐ సా ద డెవిల్’ (2010) అంతకన్నా కఠినం. పగ తీర్చుకునేవాడు కొద్దికొద్దిగా తను వేటాడేవాడిలా మారిపోతాడు. అది నేను ఒక్కసారే చూశాను, మళ్లీ చూసే ధైర్యం లేదు.

ఇండొనేసియా ‘ద రెయిడ్’ (2011) కథకు మార్కులు వేయను. పోలీసులు ఒక గ్యాంగ్ లీడర్ ఉన్న అపార్టుమెంటులోకి పోతారు, ఇరుక్కుంటారు. కానీ పెంచక్ సిలాట్ అనే వాళ్ల సంప్రదాయ యుద్ధవిద్య అందులో చూడాల్సిందే. ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ (2015)కు ఆరు ఆస్కార్లు వచ్చాయి. అంత వేగంగా షాట్లు మారినా కళ్లు అలిసిపోవు. ముఖ్యమైనదాన్ని ఎప్పుడూ తెర మధ్యలోనే పెట్టారు, కన్ను వెతుక్కునే పని లేదు.

ఇక్కడ నా క్యాబిన్ అలవాటు ఒకటి నీకిస్తాను. మా దగ్గర చిన్న మానిటర్ స్పీకర్ ఉండేది. బాగా నచ్చిన ఫైట్ వస్తే దాన్ని ఆపేసి, బొమ్మ మాత్రం చూసేవాణ్ని. ఎవరు ఎక్కడున్నారో, తలుపు ఎటుందో, ఎవరి చేతిలో ఏముందో శబ్దం లేకుండానే తెలిస్తే అది మంచి ఫైట్. ఇంకో ఆటలో రీలు చుట్టుకుంటూ తెర వైపు చూడకుండా, విని మాత్రమే ఊరుకునేవాణ్ని. కళ్లు మూసుకున్నా టెన్షన్ పుడితే అది ఇంకా మంచి ఫైట్. ఈ రెండు పరీక్షలకూ నిలబడ్డవే పైన చెప్పాను.

అమ్మకు ఏం చెప్పాలన్నది కదా మిగిలింది. మన తిరుపతి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ కథ అమ్మకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది, అడుగు. ఊళ్లో ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడు గంగమ్మ మీద కన్నేస్తాడు, ఆమె ఉగ్రరూపం చూసి దాక్కుంటాడు. ఆమె రోజుకో వేషం కట్టి వాణ్ని వెతుకుతుంది. బైరాగి, బండ, తోటి వేషాలు. చివరికి దొర వేషంలో వస్తే, ఎవరో దొర వచ్చాడనుకుని వాడు బయటికొస్తాడు. తల తెగుతుంది. ఆ వేషాలే ఇప్పటికీ జాతరలో మన మగపిల్లలు కడతారు, చీర కట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. మా అవ్వ ఈ కథ చెప్పేటప్పుడు తల తెగడం దగ్గర ఆపేది కాదు. ఆ తర్వాత అమ్మవారు మాతంగి వేషంలో పాలెగాడి పెండ్లాం దగ్గరికి పోయి ఓదార్చిందని చెప్పేది, అక్కడికొచ్చేసరికి అవ్వ గొంతు తగ్గేది. చంపింది న్యాయమే, అయినా విధవరాలి దగ్గరికి పోవాలి. ఇంత పద్ధతైన కథ మన గుమ్మంలోనే ఉంది. నువ్వు చూసే సినిమాల్లో ఆ ఓదార్పు ఉన్నవి ఏవో, లేనివి ఏవో అమ్మతో మాట్లాడు. ‘పుష్ప’ రెండో భాగంలో జాతర ఘట్టం ఆమెతో కలిసి చూడమన్నది అందుకే. మీ ఇద్దరి మధ్య గొడవ ఉండదని నా నమ్మకం.

ఒక్క జాగ్రత్త. వీటిలో చాలావాటిది పెద్దలకు మాత్రమే అన్న సర్టిఫికెట్టు స్థాయి. ఇప్పుడు యూఏలో కూడా 7, 13, 16 ఏళ్లని విడదీసి ఇస్తున్నారు, అది చూసే పెట్టు. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లు పడుకున్నాక చూడు. రక్తం చూసి పిల్లవాడు నవ్వడం అలవాటు చేసుకోకూడదు.

ఈ శనివారం రాత్రికి ఒకటే చూడాలంటే ‘నో కంట్రీ ఫర్ ఓల్డ్ మెన్’ (2007) పెట్టుకో. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. సంగీతం ఉందా లేదా అన్నట్టు ఉంటుంది, దాంతో అడుగుల చప్పుడు, తలుపు సందు కింద వెలుతురు కూడా భయపెడతాయి. మొదట్లోనే పెట్రోలు బంకు సీన్ వస్తుంది. హంతకుడు ముసలి బంకు యజమానితో మాట్లాడుతూ, బొమ్మా బొరుసా చెప్పమని నాణెం ఎగరేస్తాడు. ఎవరూ ఎవరినీ ముట్టుకోరు. ఫోన్ పక్క గదిలో పెట్టి, లైట్లు ఆపి, హెడ్‌ఫోన్స్‌తో చూడు. మాటల మధ్యలో అతను తింటున్నదాని కవరు నలిపి బల్ల మీద పెడతాడు, అది మెల్లగా విచ్చుకుంటుంది. ఆ చిన్న చప్పుడు నీకు వినిపించిందో లేదో నాకు రాయి.